గోడ అవతలి చెన్నపట్నం: జార్జ్ టౌన్ వీధుల్లో మన పేర్లు

పోయిన ఎపిసోడ్‌లో చైనాలోని గ్వాంగ్‌జౌ నగరం, అందులో షామియన్ దీవి గురించి మాట్లాడుకున్నాం. రెండో నల్లమందు యుద్ధం సమయంలో, 1859లో బ్రిటిష్ వాళ్ళు, ఫ్రెంచి వాళ్ళు చైనా చేతిలోంచి గుంజుకున్న చిన్న ఇసుకదిబ్బ అది. ఊరికీ దానికీ మధ్య కాలువ తవ్వి, వంతెనలు వేసి, రాత్రయితే ఆ వంతెనల గేట్లు మూసేవాళ్ళు. దొరలు ఇవతల, ఊరు అవతల. ఇప్పుడు అదే దీవిలో జనాలు పెళ్ళి ఫోటోలు తీయించుకుంటున్నారు.

ఆ వీడియో చూసి చానామంది ఒకటే అడిగినారు. "అన్నా, ఇట్లాంటి పేట మన పక్క యాడన్నా ఉందా?" అని.

ఉంది. షామియన్ కంటే 220 ఏళ్ళు పాతది. అక్కడ కాలువతో చేసిన పనిని ఇక్కడ గోడతో చేసినారు. అది చెన్నైలో ఉంది, పేరు జార్జ్ టౌన్. కానీ కథ మాత్రం మా కనగానపల్లి నుంచి బైకు మీద గంటలో పోగలిగే పెనుకొండ దగ్గర మొదలుపెట్టాల. ఎందుకో చెప్తా.

1565లో తళ్ళికోట యుద్ధం అయిపోయినాక హంపి పాడుబడింది. తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చినాడు. మనం పిక్నిక్ పోయే ఆ కొండకోట కొన్నేళ్ళపాటు విజయనగర రాజ్యానికి తలకాయ. తర్వాత అదే ఆరవీటి వంశం వాళ్ళు ఇంకా కిందికి జరిగి చంద్రగిరి చేరినారు. 1639 నాటికి చంద్రగిరిలో రాజు పెద వెంకటరాయలు. రాజ్యం అయితే పేరుకు ఉంది, పెత్తనం మాత్రం ఎక్కడి నాయకులది అక్కడే. మెయిన్ సర్వర్ వీక్ అయిపోయి లోకల్ సర్వర్లే సొంతంగా నడుస్తున్నట్టు అనుకోండి. సముద్రం వైపు భూములు చూసుకునేది దామెర్ల వారు, మన తెలుగు నాయకులు. అన్న వెంకటాద్రి నాయకుడు వందవాసి వైపు, తమ్ముడు అయ్యప్ప నాయకుడు పూనమల్లి వైపు.

ఇంగ్లీషు కంపెనీ వాళ్ళకు అప్పటికే మసులీపట్నంలో, నెల్లూరు జిల్లా దుగరాజపట్నం దగ్గర కొట్లు ఉండేవి. దుగరాజపట్నం కొట్టును వాళ్ళు ఆర్మగావ్ అనేవాళ్ళు. అక్కడ వ్యాపారం సరిగ్గా సాగలేదు. ఆ కొట్టు చూసుకునే ఫ్రాన్సిస్ డే అనే ఆయన దక్షిణంగా వెతుక్కుంటూ పోయి, మద్రాసపట్నం అనే చిన్న పల్లె పక్కన ఇసుక నేల చూసినాడు. ఆ చుట్టుపక్కల బట్ట చౌక. డచ్చి వాళ్ళ పోటీ తక్కువ. దామెర్ల వెంకటాద్రి 1639 ఆగస్టు 22న రాసిచ్చిన పత్రంతో కోట కట్టుకునే హక్కు, ఓడరేవు ఆదాయంలో సగం వాటా కంపెనీకి వచ్చినాయి. ఈ రోజునే చెన్నై వాళ్ళు 'మద్రాస్ డే' అని జరుపుకుంటారు. మా నాన్న పేరు నిలబడాల అని ఆ అన్నదమ్ములు కోరినారట. వాళ్ళ నాన్న దామెర్ల చెన్నప్ప నాయకుడు. అట్లా చెన్నపట్నం. చెన్నకేశవస్వామి గుడి వల్ల వచ్చిన పేరు అనే మాట కూడా ఉంది. ఆ గుడి సంగతి ముందుంది.

ఇక్కడ ఒక్క నిమిషం. "చెన్నైని కట్టింది తెలుగువాళ్ళే, మనకు అన్యాయం జరిగింది" అని ప్రతి ఆగస్టులో వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ తిరుగుతుంది. దాంట్లో నిజం సగమే. ఆ ఇసుక మీద అప్పటికే బెస్తవాళ్ళ పల్లె ఉండింది. దక్షిణంగా శాంథోమ్‌లో పోర్చుగీసు వాళ్ళు ఉన్నారు. తిరువళ్ళిక్కేణిలో పార్థసారథి గుడి, మైలాపూరు అంతకు వందల ఏళ్ళ ముందు నుంచి ఉన్నాయి. కాబట్టి ఖాళీ ప్లాటులో మనం ఇల్లు కట్టలేదు. మరి మనవాళ్ళు చేసిందేంటి? అదే ఈ ఎపిసోడ్.

ఫ్రాన్సిస్ డేకి తెలుగు రాదు, దామెర్ల వారికి ఇంగ్లీషు రాదు. మధ్యలో నిలబడి బేరం తెగ్గొట్టిన మనిషి బేరి తిమ్మప్ప. ఇట్లాంటివాళ్ళను దుబాసీ అంటారు. రెండు భాషలు తెలిసినవాడు, ద్విభాషి. అయితే గూగుల్ ట్రాన్స్‌లేట్ లాగా మాట మార్చిపెట్టి ఊరుకునే పని కాదు అది. సరుకు యాడ దొరుకుతుంది, నేతగాళ్ళకు అడ్వాన్సు ఎంత ఇయ్యాల, ఏ నాయకుడికి ఏ కానుక పంపాల, అప్పు ఎవరి దగ్గర తేవాల, అన్నీ దుబాసీనే. కంపెనీకి జీతగాడు, ఊళ్ళో మాత్రం పెద్దమనిషి. తర్వాతి తరంలో కాశీ వీరన్న అనే వ్యాపారి కంపెనీకి ముఖ్య వర్తకుడై, 1680లో చనిపోయేదాకా ఊళ్ళో పెత్తనం చేసినాడు. ఇంగ్లీషు రికార్డుల్లో ఆయన పేరు 'కాసా వెరోనా' అని ఉంటుంది. ఇటలీ వాడేమో అనుకుంటారు ఎవరైనా!

ఆ రికార్డుల్లోనే ఇంకో మాట కనిపిస్తుంది, 'జెంటూ'. తమిళాన్ని మలబారు అని, తెలుగును జెంటూ అని రాసేవాళ్ళు ఇంగ్లీషు వాళ్ళు. పోర్చుగీసు భాషలో క్రైస్తవులు కానివాళ్ళను పిలిచే మాట నుంచి వచ్చింది అది. అట్లా వచ్చిన మాట చివరికి మన భాషకే పేరై కూర్చుంది.

ఇప్పుడు ఫోన్‌లో మ్యాప్ తెరవండి. వీడియో చూసేవాళ్ళకు స్క్రీన్ మీద వేసినా. చదివేవాళ్ళు 'ఫోర్ట్ సెయింట్ జార్జ్' అని వెతకండి. సముద్రం పక్కన కోట. 1640 ఏప్రిల్ 23న, సెయింట్ జార్జ్ పండగ రోజున మొదటి దశ పూర్తయిందని ఆ పేరు పెట్టినారు. ఇప్పుడు అందులో తమిళనాడు సచివాలయం ఉంది. కోట లోపలి భాగం వైట్ టౌన్, తెల్లవాళ్ళ ఊరు. కోటకు ఉత్తరంగా ఆనుకుని నేతగాళ్ళు, అద్దకం వాళ్ళు, వ్యాపారులు, కూలీలు ఉండే ఊరు బ్లాక్ టౌన్. అంటే నల్లవాళ్ళ ఊరు. పేరు పెట్టడంలో మొహమాటం ఏమీ లేదు.

ఇప్పుడు మ్యాప్‌లో ఆ మొదటి బ్లాక్ టౌన్ వెతకండి. దొరకదు. కోటకు ఉత్తరంగా మీకు కనిపించేది హైకోర్టు. ఎర్ర ఇటుకల గుమ్మటాలు, 1892లో పూర్తయిన భవనం. దాని కింద, దాని చుట్టూ ఉండింది ఆ ఊరు. మొత్తం ఊరు ఏమైందో చెప్తా, ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించింది అదే.

1746లో ఫ్రెంచి వాళ్ళు చెన్నపట్నాన్ని పట్టుకున్నారు. మూడేళ్ళు వాళ్ళ చేతిలోనే ఉండింది. కోట గోడకు దగ్గరగా ఉన్న ఇళ్ళను కొన్ని కొట్టేసినారు, శత్రువు వస్తే ఆ ఇళ్ళ చాటున దాక్కుంటాడని. 1749లో ఒప్పందం ప్రకారం ఊరు మళ్ళీ ఇంగ్లీషు వాళ్ళకు వచ్చింది. 1758 డిసెంబరులో ఫ్రెంచి సేనాని లాలీ మళ్ళీ దండెత్తి వచ్చి, నేరుగా బ్లాక్ టౌన్‌లోకి దిగినాడు. జనాల ఇళ్ళ మధ్య నుంచే కోట మీద ఫిరంగులు పేల్చినాడు. రెండు నెలలపాటు ముట్టడి. 1759 ఫిబ్రవరిలో ఇంగ్లీషు ఓడలు కనపడగానే వెనక్కి పోయినాడు.

యుద్ధం ఇద్దరు తెల్లవాళ్ళ మధ్య. నష్టం ఎవరికి? ఇంగ్లీషు వాళ్ళు నేర్చుకున్న పాఠం ఏమంటే, కోట ఎదురుగా ఇళ్ళు ఉండకూడదు. ఫిరంగి పేల్చితే గుండుకు ఏదీ అడ్డం రాకూడదు. అంతే, మిగిలిన బ్లాక్ టౌన్‌ను కూడా చదును చేసేసినారు. నూటఇరవై ఏళ్ళ ఊరు మైదానం అయిపోయింది. ఆ మైదానం పేరే ఎస్‌ప్లనేడ్. ఈరోజు చెన్నైలో 'ఎస్‌ప్లనేడ్' అని స్టైల్‌గా పలికే ఆ పేరుకు అసలు అర్థం, ఇళ్ళు కొట్టేసి చేసిన ఖాళీ జాగా.

ఆ ఊరితోపాటు బేరి తిమ్మప్ప కాలంలో, 1640లలో కట్టిన చెన్నకేశవస్వామి గుడి కూడా పోయింది. ఊరి పేరు మోసే గుడినే పడగొట్టినారు. గొడవ అవుతుందని కంపెనీకి తెలుసు కాబట్టి, ఉత్తరాన వేరే జాగా ఇచ్చింది. అప్పటి దుబాసీ మణలి ముత్తుకృష్ణ ముదలియారు పూనుకుని, చందాలు వసూలు చేసి, 1760లలో చెన్నకేశవ పెరుమాళ్ గుడి, చెన్న మల్లీశ్వర గుడి పక్కపక్కనే కట్టించినారు. పూలబజారు దగ్గర దేవరాజ ముదలి వీధిలో ఇప్పటికీ ఉన్నాయి. అక్కడివాళ్ళు పట్నం గుడి అంటారు. రెండు గుళ్ళ మధ్య గోడ ఒక్కటే. పూల వాసన, సైకిల్ రిక్షా బెల్లులు, లోపలికి పోతే చల్లగా నిశ్శబ్దంగా రాతి మండపం. నాకు ఆ వీధిలో కదలబుద్ధి కాలేదు.

ఇళ్ళు పోగొట్టుకున్న జనం ఉత్తరాన అప్పటికే ఉన్న రెండు పేటల్లోకి సర్దుకున్నారు. ముత్యాలపేట, పెద్దనాయకన్‌పేట. ఈ రెండో పేరు వినండి. ఊరికి కావలి కాసే తెలుగు పెద్దను పెద్దనాయకుడు అనేవాళ్ళు. కంపెనీ పోలీసులు పుట్టకముందు దొంగతనం జరిగితే పట్టాల్సింది ఆయనే, పట్టలేకపోతే సొమ్ము కట్టాల్సింది కూడా ఆయనే. ఇప్పటి సైబర్ క్రైమ్ వాళ్ళకు ఆ రూల్ పెడితే ఎట్లుంటుందో!

ఈ రెండు పేటలూ కలిసి కొత్త బ్లాక్ టౌన్. మళ్ళీ దండయాత్ర వస్తుందని భయంతో దీని చుట్టూ ఈసారి గట్టి గోడ కట్టించింది కంపెనీ. పాల్ బెన్‌ఫీల్డ్ అనే కాంట్రాక్టరు కట్టినాడు, 1770ల మొదట్లో పూర్తయింది. ఖర్చు జనం నెత్తిన వేద్దామని గోడ పన్ను అన్నారు. జనం ఎదురు తిరిగినారు, ఆ పన్ను వసూలే కాలేదు. అయినా పేరు మాత్రం పోలేదు. చెన్నై సెంట్రల్ స్టేషన్ పక్కనుంచి ఉత్తరానికి పోయే రోడ్డు పేరు ఇప్పటికీ వాల్ టాక్స్ రోడ్. కట్టని పన్నుకు రెండున్నర వందల ఏళ్ళుగా రోడ్డు ఉంది. పాత కోడ్‌లో ఎవరూ వాడని ఫంక్షన్ ఒకటి ఉంటుంది, తీసేస్తే ఏం పగులుతుందో అని ఎవరూ ముట్టుకోరు. అట్లా.

మరి ఖాళీ చేసిన మైదానంలోకి జనం మళ్ళీ రాకుండా? 1773 జనవరి 1 తేదీ వేసి ఆరు రాతి స్తంభాలు నాటినారు. ఈ గీత దాటి ఇల్లు కట్టకూడదు. ఆరింటిలో ఇప్పుడు ఒక్కటే మిగిలింది. ప్యారీస్ కార్నర్‌లో డేర్ హౌస్ అనే పెద్ద భవనం ఉంది చూడండి, దాని ఆవరణలో. షామియన్‌లో కాలువ ఇప్పటికీ కనిపిస్తుంది, అందరూ ఫోటో తీస్తారు. మన దగ్గర గీత గుర్తుగా ఈ రాయి ఉంది, పక్కనే రోజుకు వేలమంది బస్సుకోసం పరిగెత్తుతుంటారు, దానివైపు ఎవరూ చూడరు.

సరే, ఇప్పుడు వీధుల్లోకి పోదాం. జార్జ్ టౌన్ అనే పేరు 1906లో వచ్చింది, ఆ ఏడాది వేల్స్ యువరాజు చెన్నపట్నం వచ్చినాడు. ఆయనే తర్వాత అయిదో జార్జ్ చక్రవర్తి. బ్లాక్ టౌన్ అని పిలిపించుకోవడం అక్కడి వ్యాపారులకు అప్పటికే చిన్నతనంగా ఉండేది. దొర పేరు పెట్టుకుంటే గాని 'నల్ల' మాట పోలేదు. ఇది గెలుపో ఓటమో మీరే అనుకోండి.

పెద్ద పేరు మారింది కాని చిన్న పేర్లు మారలేదు. లింగిశెట్టి వీధి, తంబుశెట్టి వీధి, సుంకురామశెట్టి వీధి, గోవిందప్ప నాయకన్ వీధి, నైనియప్ప నాయకన్ వీధి. బోర్డులు తమిళంలో ఉంటాయి, చదివితే మనవాళ్ళ పేర్లు వినపడతాయి. సుంకురామ పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో కంపెనీకి ముఖ్య వర్తకుడు. అట్లని ఇది తెలుగు పేట అని గిరి గీయొద్దు. పగడాల వ్యాపారం చేసిన యూదుల పేరుతో కోరల్ మర్చంట్ వీధి ఉంది. నాణేలు కొట్టిన టంకశాల పేరుతో మింట్ వీధి ఉంది. అక్కడ ఇప్పుడు ఎక్కువగా మార్వాడీలు, గుజరాతీలు. ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డు పాత పేరు ఏంటో తెలుసా? చైనా బజార్ రోడ్. పోయిన ఎపిసోడ్ నుంచి వచ్చినవాళ్ళకు ఇది బోనస్.

గొడవలు కూడా లేకపోలేదు. కుడిచేతి కులాలు, ఎడమచేతి కులాలు అని అప్పట్లో రెండు వర్గాలు. ఏ వీధిలో ఎవరి పెళ్ళి ఊరేగింపు పోవాల అన్నదాని మీద కొట్లాటలు. 1707లో గవర్నర్ థామస్ పిట్ కాలంలో అది ముదిరి, పెద్దనాయకన్‌పేట కుడిచేతి వాళ్ళకు, ముత్యాలపేట ఎడమచేతి వాళ్ళకు అని పంచేదాకా పోయింది. తెల్లవాళ్ళు మనల్ని గోడ కట్టి వేరు చేసినారు అని కోపం తెచ్చుకుంటాం కదా, గోడ లోపల మనం గీసుకున్న గీతలు కూడా లెక్కలో రాయాల.

అర్మేనియన్ వీధిలో అర్మేనియా వాళ్ళ చర్చి ఉంది, 1772 నాటిది. బయట బట్టల మూటలు, హారన్లు. గేటు దాటితే గంపెడు నీడ. నడిచే దారి నిండా సమాధి రాళ్ళు, వాటిమీద మనకు అర్థంకాని లిపి. గంటల గోపురంలో ఆరు పెద్ద గంటలు. ఇప్పుడు చెన్నైలో అర్మేనియన్లు దాదాపు లేరు. కానీ ప్రపంచంలోనే మొట్టమొదటి అర్మేనియన్ పత్రిక, పేరు 'అజ్దరార్', 1794లో అచ్చయింది ఈ ఊళ్ళోనే. నడిపిన మతగురువు హరుత్యున్ ష్మావోనియన్ సమాధి కూడా ఇక్కడే. సొంత దేశం చేతిలో లేని జనం, వేల మైళ్ళ దూరంలో, మన బజారు వీధిలో కూర్చుని తమ భాషలో పత్రిక పెట్టుకున్నారు.

పత్రిక అంటే గుర్తొచ్చింది. మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు బొంబాయిలో 1908లో వారపత్రికగా పెట్టిన ఆంధ్రపత్రిక, 1914లో దినపత్రికగా చెన్నపట్నం నుంచి మొదలైంది. ఆఫీసు తంబుశెట్టి వీధిలో. అనంతపురంలో, కడపలో, గుంటూరులో పేపరు చదివేవాళ్ళకు ప్రపంచం ఈ వీధి నుంచే వచ్చేది. తెలుగు పుస్తకాలు అచ్చేసిన వావిళ్ళ వారు 1854 నుంచి చెన్నపట్నంలోనే. మన భాష అచ్చులోకి ఎక్కిన ఊరు ఇప్పుడు మన రాష్ట్రంలో లేదు. అంతే విషయం.

వీళ్ళందరికంటే మనం ఎక్కువ గుర్తుపెట్టుకోవాల్సిన మనిషి ఒకరున్నారు. గాజుల లక్ష్మీనరసు శెట్టి. 1806లో పుట్టినారు. నీలిమందు, బట్టల వ్యాపారం చేసే తెలుగు కుటుంబం. బాగా సంపాదించి, 1844లో 'క్రెసెంట్' అని ఇంగ్లీషు పత్రిక పెట్టినారు. 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ పెట్టినారు. కాంగ్రెస్ పుట్టడానికి 33 ఏళ్ళ ముందు. ఈయన ఎత్తిన పెద్ద విషయం, శిస్తు కట్టలేని రైతుల్ని హింసించడం. వేళ్ళు చెక్కల మధ్య పెట్టి నొక్కేవాళ్ళు. మెడకు, కాళ్ళకు తాడు కట్టి ఎండలో వంగబెట్టి నిలబెట్టేవాళ్ళు. అప్పటికి మన అనంతపురం ప్రాంతం బళ్ళారి జిల్లాలో భాగం, మద్రాసు ప్రెసిడెన్సీ కిందనే. శిస్తు వసూలు చేసే పద్ధతి అంతటా అదే. లక్ష్మీనరసు గారి అసోసియేషన్ బ్రిటిష్ పార్లమెంటుకు అర్జీ పంపింది. డాన్బీ సీమోర్ అనే పార్లమెంటు సభ్యుడు వస్తే, దగ్గరుండి జిల్లాలు తిప్పి చూపించినారు ఆయన. చివరికి ప్రభుత్వమే విచారణ కమిషన్ వేయాల్సి వచ్చింది. 1855లో వచ్చిన ఆ కమిషన్ నివేదిక ఒప్పుకుంది, అవును, హింస జరుగుతోందని.

బ్లాక్ టౌన్ అని పేరు పెట్టి గోడ అవతల ఉంచిన జనంలోంచి ఒక వ్యాపారి లేచి, లండన్ దాకా వినపడేలా రైతు మాట చెప్పినాడు. మన స్కూలు పుస్తకాల్లో నాకైతే ఆయన పేరు తగలలేదు. 1868లో చనిపోయినారు. సర్ థామస్ మన్రో పేరు మన జిల్లాలో పిల్లలకు పెట్టేవాళ్ళు, కథలు చెప్పుకుంటారు, చెన్నైలో ఆయన గుర్రం విగ్రహం చూసి సెల్ఫీ దిగుతాం. దిగండి, తప్పులేదు. కానీ లక్ష్మీనరసు గారి పేరు కూడా ఒకసారి వెతకండి.

ఇంకో పేరు మీకు బాగా తెలుసు. బ్రాడ్‌వే అనే పెద్ద రోడ్డు ఉంది. ఒకప్పుడు అది మురుగు పారే పల్లం. స్టీఫెన్ పోఫమ్ అనే లాయరు దాన్ని పూడ్పించి రోడ్డు చేసినాడు. రెండు పేటల మధ్య సరిహద్దు అదే. ఇప్పుడు దాని పేరు ప్రకాశం సాలై. అవును, మన టంగుటూరి ప్రకాశం పంతులు గారు. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ రాకకు వ్యతిరేకంగా హర్తాళ్ జరిగింది. ప్యారీస్ కార్నర్ దగ్గర పోలీసు కాల్పుల్లో పడిపోయిన మనిషి దగ్గరికి పోనీయకుండా తుపాకీ అడ్డం పెడితే, ప్రకాశం గారు గుండె చూపించి కాల్చమన్నారు. ఆ స్థలం ఇప్పుడు బస్టాపుల గుంపు. ఇందాక చెప్పిన సరిహద్దు స్తంభం నుంచి కాస్త దూరమే.

మరి ఇంతమంది మనవాళ్ళు ఉన్న ఊరు మనకెందుకు రాలేదు? 'మద్రాస్ మనదే' అని పెద్ద ఉద్యమం నడిచింది. 1949లో నెహ్రూ, పటేల్, పట్టాభి ముగ్గురి కమిటీ చెప్పింది, మద్రాసు నగరం మీద ఆశ వదులుకుంటేనే ఆంధ్ర రాష్ట్రం అని. పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబరు 19న మైలాపూరులో నిరాహారదీక్షకు కూర్చుని డిసెంబరు 15న ప్రాణం వదిలినారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు లేకుండా. రాజధాని కర్నూలు. మన సీమవాళ్ళకు ఇంకో లెక్క కూడా ఉంది. 1937లో శ్రీబాగ్ ఒప్పందం జరిగింది కూడా చెన్నపట్నంలోనే, నాగేశ్వరరావు పంతులు గారి ఇంట్లో. కోస్తా వాళ్ళతో కలిస్తే మాకేం ఇస్తారు అని సీమ నాయకులు, అందులో మన అనంతపురం కల్లూరు సుబ్బారావు గారు, పప్పూరు రామాచార్యులు గారు కూర్చుని రాయించుకున్నారు. ఆ కథ వేరే ఎపిసోడ్.

నా ఉద్దేశం సూటిగా చెప్తా. ఊరు అక్కడే ఉంది, అక్కడి జనంలో ఎక్కువ మాట తమిళం, అది వాళ్ళ రాజధాని. దాని మీద ఇప్పుడు గొడవ పడేదేం లేదు. కానీ హక్కు పోయిందని జ్ఞాపకం కూడా వదిలేసినాం చూడండి, అది మాత్రం ఎవరూ మన దగ్గర లాక్కోలేదు.

ఆండర్సన్ వీధిలో అన్నీ కాగితం అంగళ్ళు. పెళ్ళిపత్రికలు, నోటు పుస్తకాలు, రిమ్ములకు రిమ్ములు. నేను ఫోన్‌లో తెలుగులో మాట్లాడుతుంటే ఒక అంగడి పెద్దాయన పిలిచినారు. "ఏ ఊరు నాయనా?" అన్నారు. ధర్మవరం దగ్గర అని చెప్పినా. "ధర్మవరం చీరలా! మా అమ్మ పెళ్ళి చీర ధర్మవరందే" అని స్టూలు జరిపి కూర్చోమన్నారు. వాళ్ళు అయిదు తరాలుగా అక్కడే. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, ఆయనకు చదవడం రాదు. "మా తాత లెక్కల పుస్తకాలు ఉన్నాయి, తెలుగులో రాసినవి. ఏమి రాసినాడో మాలో ఎవరికీ తెలియదు, పారేయడానికి మనసు రాదు" అన్నారు. ఒక పుస్తకం తీసి చూపిస్తే చదివినా. చక్కెర బస్తాలు, ఎవరికో ఇచ్చిన అప్పు, గుడికి అణాల్లో చందా. ఆయన ఒక్కో లైను మళ్ళీ మళ్ళీ చదివించుకున్నారు. నాక్కూడా పాత అంకెలు, భిన్నాల గుర్తులు కొన్ని అర్థం కాలేదు. అవి తెలిసినవాళ్ళు ఎంతమంది మిగిలినారో మరి.

ఇప్పుడు అక్కడ పరిస్థితి ఏంటి? ఇరుకు వీధులు, పొడుగ్గా లోపలికి పోయే పాత ఇళ్ళు. కింద అంగడి, పైన గోడౌను, ఇంకా పైన ఎవరూ పోని మిద్దె. వారసులు పదిమంది, అద్దెలు పాతవి, రిపేరు ఎవరు చేయాల? 2023లో అర్మేనియన్ వీధిలో పనులు జరుగుతున్న ఒక పాత భవనం కూలిపోయింది. కొన్ని ఇళ్ళకు ముందు భాగం కొట్టేసి అద్దాల గోడ పెట్టినారు. తల ఎత్తి మూడో అంతస్తు చూస్తే, పాత చెక్క బాల్కనీ, సున్నపు పూలపని అట్లే ఉంటాయి. కొత్వాల్ చావడి కూరగాయల మార్కెట్ 1996లో కోయంబేడుకు పోయింది. ఆ పక్కనే మన ఆర్యవైశ్యుల కన్యకాపరమేశ్వరి గుడి మాత్రం కదలలేదు.

షామియన్‌ను చైనా వాళ్ళు రంగులేసి, కార్లు ఆపేసి, అద్దంలా పెట్టినారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ అక్కడ పాత ఇళ్ళలో ఎక్కువభాగం హోటళ్ళు, కేఫులు. జార్జ్ టౌన్ మురికి, ఇరుకు, అరుపులు. అయినా మూడు వందల ఏళ్ళ కింద ఏ పని చేసిందో ఇప్పుడూ అదే పని చేస్తోంది, సరుకు కొంటుంది, అమ్ముతుంది. నన్నడిగితే జార్జ్ టౌనే ఇష్టం. కాకపోతే సుంకురామశెట్టి వీధి మొదట్లో, ఈ సుంకురామ ఎవరో చెప్పే రెండు లైన్ల బోర్డు పెడితే ఎంత ఖర్చవుతుంది?

పోవాలనుకునేవాళ్ళకు. మన పక్క నుంచి ధర్మవరం లేదా హిందూపురంలో రైలెక్కి బెంగళూరు, అక్కడి నుంచి చెన్నై సెంట్రల్. సెంట్రల్‌లో మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే హైకోర్టు. బయటికి వస్తే మీరు నిలబడిన చోటే కొట్టేసిన మొదటి బ్లాక్ టౌన్. అక్కడి నుంచి ప్యారీస్ కార్నర్, అర్మేనియన్ వీధి, తంబుశెట్టి వీధి, వెనక్కి ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డు మీదుగా పట్నం గుడి, చివర మింట్ వీధి. నాలుగు గంటలు పడుతుంది. అర్మేనియన్ చర్చి మధ్యాహ్నం లోపు చూసేయండి. మింట్ వీధి పక్క మురుకు శాండ్‌విచ్ దొరుకుతుంది, మురుకుల మధ్య కూరగాయ ముక్కలు, చట్నీ పెట్టి ఇస్తారు. సందడి కావాలంటే మామూలు రోజుల్లో, భవనాలు తీరిగ్గా చూడాలంటే ఆదివారం పోండి, అంగళ్ళు చానావరకు మూసుంటాయి. డేర్ హౌస్ దగ్గర ఆ 1773 స్తంభం రోడ్డు మీదికి సరిగ్గా కనపడదు. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళను అడగండి, చూపిస్తారు.